గుణదల మాత గుడి: తిరునాళ్ళ రోజున కాదు, మామూలు రోజున చూడవలసిన విచారణ

విజయవాడ గుణదల మాత గుడి పేరు తెలుగువారిలో వినని వారు అరుదు. కానీ చాలామందికి అది ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే తిరునాళ్ళుగా మాత్రమే తెలుసు. ఆ మూడు రోజులూ లక్షల సంఖ్యలో యాత్రికులు వస్తారు, ఏలూరు రోడ్డు నిండిపోతుంది, కొండ మెట్ల మీద అడుగు తీసి అడుగు వేయడం కష్టమవుతుంది. అలా ఒకసారి వచ్చి వెళ్ళినవారు గుణదలను చూశామనుకుంటారు. నా ఉద్దేశంలో వారు జనాన్ని చూశారే తప్ప గుణదలను చూడలేదు. అనాథ శరణాలయం పక్కనున్న కొండ గుహలో మొదలై, ఊరు నగరంలో కలిసిపోయిన కాలమంతా ఆ ఊరితో పాటు పెరిగిన కతోలిక విచారణ, అంటే ఒక హద్దు లోపలి విశ్వాసుల సంఘం (పారిష్), ఇది. దానిని చూడాలంటే వారం మధ్యలో ఒక మామూలు ఉదయం కావాలి. ఈ సమీక్ష అటువంటి ఉదయాన వెళ్ళదలచినవారి కోసం రాస్తున్నాను. భక్తితో వెళ్ళేవారికీ, చరిత్ర మీద ఆసక్తితో వెళ్ళేవారికీ ఈ చోటును నేను మనస్ఫూర్తిగా సూచిస్తాను.

చేరుకోవడం తేలిక. విజయవాడ రైల్వే స్టేషను నుంచి గానీ, పండిట్ నెహ్రూ బస్ స్టేషను నుంచి గానీ ఏలూరు రోడ్డు మీదుగా సిటీ బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. గుణదల సెంటరు అన్నా, పడవల రేవు అన్నా, మాత గుడి అన్నా దారి చెప్పని వారుండరు. విశాఖపట్నం వైపు వెళ్ళే రైలు మార్గంలో గుణదలకు సొంత స్టేషను కూడా ఉంది గాని, అక్కడ ఆగే బండ్లు తక్కువ కాబట్టి పొరుగూరి వారు దాని మీద ఆధారపడకపోవడం మంచిది.

చరిత్ర తెలియకుండా వెళితే అక్కడ కనిపించేది ఒక కొండ, కొన్ని మెట్లు, ఒక గుహ, ఒక దేవాలయం మాత్రమే. అందుకే కొంత ముందుగా చెప్పుకోవాలి. మిలాన్ నగరంలో 1850లో ఏర్పడిన విదేశీ మిషన్ల సంస్థకు చెందిన ఇటలీ గురువులు, అంటే కతోలిక పూజారులు, 1855లో హైదరాబాదు ప్రాంతానికి వచ్చారు. ఇప్పుడు అందరూ పీమే అని పిలిచే సంస్థ అదే. 1886లో హైదరాబాదు మేత్రాసనం (ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం) అయినప్పుడు కృష్ణా తీరంలోని ఈ ప్రాంతం కూడా దాని కిందనే ఉండేది. అప్పటి బెజవాడ పెద్ద ఊరేమీ కాదు. 1901 జనాభా లెక్కల నాటికి అక్కడ పాతిక వేల మంది కూడా లేరు. గుణదల అయితే ఆ ఊరికి తూర్పున, ఏలూరు కాలువ దాపున ఉన్న వేరే గ్రామం. అటువంటి చోట మిషనరీలు పునీత జోజప్ప (సెయింట్ జోసఫ్) పేరుతో అనాథ శరణాలయం నడిపారు. 1920ల మధ్యలో ఆ శరణాలయానికి అధిపతిగా ఉన్న ఫాదర్ అర్లాటి, పక్కనున్న కొండ గుహలో మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. ఈనాటి పుణ్యక్షేత్రానికి అదే తొలి అడుగు.

ఆ గురువు గుహనే ఎందుకు ఎంచుకున్నారో తెలుసుకోవాలంటే ఫ్రాన్సులోని లూర్దు దాకా వెళ్ళాలి. 1858 ఫిబ్రవరి 11న అక్కడి మసబియేల్ కొండ గుహలో పద్నాలుగేళ్ళ బెర్నదెత్త సుబిరూకు మరియమాత తొలిసారి దర్శనమిచ్చిందనీ, ఆ తరువాత కొన్ని నెలల్లో మొత్తం 18 మార్లు కనిపించిందనీ తిరుసభ (కతోలిక సంఘం) విశ్వాసం. బెర్నదెత్త కుటుంబం కటిక పేదది. ఆమెకు అప్పటికి చదవడం, రాయడం కూడా సరిగా రాదు. లూర్దు భక్తి ప్రపంచమంతా వ్యాపించిన ఆ రోజుల్లో ఐరోపా మిషనరీలు తాము వెళ్ళిన ప్రతి దేశంలోనూ లూర్దు గుహలు కట్టారు. చాలా చోట్ల సిమెంటుతోనూ రాళ్ళతోనూ గుహ ఆకారం తయారు చేసుకోవలసి వచ్చింది. గుణదలలో కొండా గుహా సహజంగానే ఉన్నాయి. దిక్కులేని పిల్లల శరణాలయం పక్కన పేదింటి పిల్లకు దర్శనమిచ్చిన తల్లి రూపాన్ని నిలపడంలో ఆ గురువు మనసు నాకు అర్థమవుతుంది. అందుకే ఈ క్షేత్రానికి పునాది ఆ పిల్లలేనని నేను నమ్ముతాను. గుహ ముందు నిలబడినప్పుడు ఆ సంగతి గుర్తుంచుకుంటే ఆ చోటు మరోలా కనిపిస్తుంది.

ఇంకొక విషయం కూడా గమనించదగ్గది. బెజవాడ ప్రాంతం హైదరాబాదు మేత్రాసనం నుంచి విడిపోయింది 1933లో, సొంత మేత్రాసనమైంది 1937లో. దానికి విజయవాడ మేత్రాసనమన్న పేరు వచ్చింది 1950లో. అంటే ఈ ప్రాంతానికి సొంత మేత్రాణులు (బిషప్పు) రాకముందే గుణదల గుహలో కొవ్వొత్తులు వెలిగాయి. పై నుంచి వచ్చిన ఆదేశంతో కాక, కింద చేరిన జనంతో పెరిగిన క్షేత్రమిది. గుహ దగ్గరికి వచ్చేవారు పెరిగిన కొద్దీ దేవాలయం అవసరమైంది; ఇప్పుడున్న దేవాలయానికి 1971లో ప్రతిష్ఠ జరిగింది. అదే సంవత్సరంలో మేత్రాసన బాధ్యత ఇటలీ మేత్రాణుల నుంచి తెలుగువారైన తుమ్మ జోసఫ్ గారి చేతికి వచ్చింది. ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశమైన రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిసిన తరువాత పూజ కూడా లాటిన్ విడిచి తెలుగులోకి వచ్చింది. గుహ ముందు తొలి తరం వారు విన్న పూజ వారికి అర్థం కాని భాషలో సాగింది. కొత్త దేవాలయంలో వారి మనవలు తమ ఇంటి భాషలో జవాబు చెప్పారు. నన్నడిగితే ఈ విచారణ చరిత్రలో గుహ ప్రతిష్ఠ తరువాత అంతటి మలుపు ఇదే.

ఊరు మారిన తీరు కూడా ఈ చరిత్రలో భాగమే. 1953లో జెస్విట్ గురువులు కొండకు అవతలి వైపున ఆంధ్ర లయోలా కళాశాలను స్థాపించారు. 1962లో మారిస్ స్టెల్లా కళాశాల వచ్చింది. గుణదలలోనే బిషప్ గ్రాసీ పాఠశాల ఉంది. చదువుల కోసమూ, పనుల కోసమూ కుటుంబాలు ఇటు కదిలాయి. విజయవాడ 1981లో నగరపాలక సంస్థ అయింది. 1985లో పటమట, భవానీపురంతో పాటు గుణదల పంచాయతీ కూడా అందులో కలిసింది. 2011 నాటికి నగర జనాభా పది లక్షలు దాటింది. ఒకనాటి పొలాల్లో కాలనీలు లేచాయి, కొండవాలు మీదికి ఇళ్ళు పాకాయి. కొండ పైనుంచి చూస్తే ఈ మార్పు అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. పుణ్యక్షేత్రం కోసం వచ్చినవారు సాధారణంగా అటు తిరిగి చూడరు. చూడమని నా విన్నపం.

ఇక్కడ విచారణ అన్న మాటను కొంచెం వివరించాలి. పుణ్యక్షేత్రానికి యాత్రికులు వచ్చి పోతుంటారు. విచారణ మాత్రం ఒక హద్దు లోపల నివసించే విశ్వాసులది. వారి పుట్టుకా పెళ్ళీ చావూ అన్నీ దానికి సంబంధించినవే. తిరుసభ చట్టం ప్రకారం ప్రతి విచారణలోనూ జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకం, వివాహాల పుస్తకం, మరణాల పుస్తకం ఉండి తీరాలి. జ్ఞానస్నాన పుస్తకంలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానమిచ్చిన గురువు పేరు, తేదీ రాస్తారు. ఆ వరుస ఎదుటి ఖాళీలో ఆ తరువాతి సంగతులు చేరతాయి. ఆ బిడ్డ పెద్దయి వేరే ఊళ్ళో పెళ్ళి చేసుకుంటే, అక్కడి విచారణ గురువు ఆ కబురును జ్ఞానస్నానం జరిగిన విచారణకు పంపాలి. దానిని పాత పుస్తకంలో అదే పేరు ఎదుట ఎక్కించాలి. అందువల్ల పల్లె వదిలి నగర శివారుకు వచ్చిన కుటుంబం కూడా పిల్లల పెళ్ళి నాటికి తమ పాత విచారణకు జ్ఞానస్నాన పత్రం కోసం వెళ్ళవలసిందే. పెరుగుతున్న శివారులోని ఏ విచారణకైనా ఇది నిత్యం ఎదురయ్యే పని: పొరుగూళ్ళ పత్రాలను పరిశీలించడం, ఆదివారం పూజలో పెళ్ళి ప్రకటనలు చదవడం, కొత్తగా వచ్చిన ఇళ్ళను చిన్న సమాజాలలో కలపడం, పిల్లలకు సత్యోపదేశం (మత బోధ) ఏర్పాటు చేయడం. తిరునాళ్ళ దీపాలలో ఇది కనిపించదు. కానీ శివారు ఎలా పెరిగిందో, ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పగలిగిన నమ్మకమైన సాక్ష్యం నగరపాలక సంస్థ పన్ను పుస్తకాలలో కన్నా ఇటువంటి పుస్తకాలలోనే ఎక్కువగా ఉంటుందని నా నమ్మకం.

మామూలు రోజున వెళితే చూసే క్రమం ఇలా పెట్టుకోండి. ముందు గుహ దగ్గరికి వెళ్ళండి. ఉదయం పూట అక్కడ నిలబడి ప్రార్థించడానికి కావలసినంత చోటూ సమయమూ దొరుకుతాయి. కొవ్వొత్తులు వెలిగించే చోట కొద్దిసేపు ఆగండి: కాలిన వత్తుల చుట్టూ కరిగి గడ్డకట్టిన మైనం పొరలు పొరలుగా ఉంటుంది, ఒక కొవ్వొత్తి చివరి మంట నుంచి తరువాతి మనిషి తన కొవ్వొత్తిని అంటించుకుంటారు. అవతలి వ్యక్తి ఏ ఊరివారో, ఏ మతం వారో ఎవరూ అడగరు. నుదుట బొట్టుతో వచ్చిన తల్లీ, జపమాల చేతబట్టిన తల్లీ పక్కపక్కన నిలబడడం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

కొబ్బరికాయ కొట్టడం, తలనీలాలు ఇవ్వడం, మొక్కులు చెల్లించడం ఇక్కడ చాలాకాలంగా ఉన్నాయి. క్రైస్తవ క్షేత్రంలో ఇవేమిటని ప్రశ్నించేవారున్నారు. ఆ ప్రశ్న నేను గౌరవిస్తాను గాని దానితో ఏకీభవించను. తెలుగు మనిషి కృతజ్ఞతను ఏ రూపంలో చెప్పుకోవడానికి అలవాటు పడ్డాడో ఆ రూపంలోనే ఇక్కడ చెప్పుకున్నాడు. గుహలో మాత స్వరూపాన్ని నిలిపింది ఇటలీ గురువులే అయినా, ఆ చోటును తెలుగువారి గుడిగా మార్చింది ఆ మొక్కులే.

గుహ తరువాత దేవాలయంలోకి వెళ్ళండి. దివ్యబలిపూజ జరుగుతున్న సమయమైతే వెనుక వరుసలో కూర్చుని ఎవరైనా పాల్గొనవచ్చు. కానీ కతోలికులు కాని మిత్రులు ఒక విషయం తెలుసుకోవాలి: దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం, జ్ఞానస్నానం పొంది, తగిన సిద్ధపాటుతో ఉన్న కతోలికులకు మాత్రమే ఇస్తారు. అది గుళ్ళో పంచే ప్రసాదం వంటిది కాదు. అందరూ లేచి వరుసలో వెళుతున్నప్పుడు మీరు కూర్చునే ఉండడంలో తప్పేమీ లేదు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ తరువాత ఓపిక ఉన్నవారు కొండ ఎక్కవచ్చు. పైన ఇనుప సిలువ ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో శుక్రవారాలు కుటుంబాలకు కుటుంబాలే, క్రీస్తు శ్రమలను తలచుకునే సిలువ మార్గం ప్రార్థన చేస్తూ పైకి వెళ్ళడం ఇక్కడి వారికి అలవాటు. బెజవాడ ఎండ సంగతి తెలిసినదే. మార్చి దాటితే ఎనిమిది గంటలకే రాయి కాలుతుంది. చెప్పులు విడిచి ఎక్కాలని మొక్కుకున్నవారు తెల్లవారుజామునే బయలుదేరాలి, మంచినీళ్ళు వెంట ఉంచుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని పైదాకా తీసుకువెళ్ళే ప్రయత్నం చేయవద్దు; వారికి కింద దేవాలయం చాలు. పోప్ రెండవ జాన్ పాల్ 1992లో ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు; లూర్దు భక్తిలో రోగులకు మొదటి నుంచీ ఉన్న స్థానం అటువంటిది. కాబట్టి రోగితో వచ్చినవారు కొండ ఎక్కలేదని నొచ్చుకోనవసరం లేదు.

లోటు అని చెప్పదలచుకున్నది ఒకటి ఉంది, అది ప్రధానంగా యాత్రికులమైన మనదే. ప్లాస్టిక్ సంచులు, నీళ్ళ సీసాలు, పూల పొట్లాల కాగితాలు ఎక్కడంటే అక్కడ వదిలేసి వెళ్ళడం భక్తి కాదు. కోరిక కూడా ఒకటుంది: శరణాలయం నుంచి గుహ దాకా, గుహ నుంచి దేవాలయం దాకా, గ్రామం నుంచి నగరం దాకా సాగిన ఈ నూరేళ్ళ కథను పాత ఛాయాచిత్రాలతో, అప్పటి పిల్లల, ఉపదేశుల, సిస్టర్ల జ్ఞాపకాలతో పూర్తిగా తెలుగులో చెప్పే ఏర్పాటు క్షేత్రంలో విశాలంగా ఉండాలి. గురువుల పేర్లు చరిత్రలో నిలుస్తాయి. ఊరూరా తిరిగి జపాలు నేర్పిన ఉపదేశుల పేర్లు నిలవడం కష్టం. వారి కుటుంబాల పెద్దలు ఉన్నప్పుడే ఆ జ్ఞాపకాలు రాసిపెట్టుకోవాలి.

మొత్తం మీద ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను. ప్రార్థన కోసం వెళ్ళేవారికి వారం మధ్య ఉదయం, విచారణ జీవితం చూడదలచినవారికి ఆదివారం పూజ, మొక్కు తీర్చుకోవలసినవారికి తిరునాళ్ళు. తిరునాళ్ళకే వెళ్ళక తప్పనివారు ఫిబ్రవరి 11న కాకుండా 9వ తేదీ ఉదయమే వెళితే పిల్లలతోనూ పెద్దవారితోనూ కాస్త నిదానంగా దర్శనం చేసుకోవచ్చు. ఏలూరు రోడ్డు మీద సొంత వాహనం తీసుకువెళ్ళడం కన్నా సిటీ బస్సు దిగి నడవడం మేలు.