కర్సర్ ఎడిటర్: కోడింగ్ కొత్తగా మొదలుపెట్టేవారికి పనికొస్తుందా?

విజయనగరంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మా తమ్ముడి కూతురికి పైథాన్ పాఠాలు మొదలైనప్పుడు, ఆమె పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో కృత్రిమ మేధ సాయంతో కోడ్ రాసుకునే కర్సర్ ఎడిటర్‌ను ఇన్‌స్టాల్ చేసి, నెల రోజులపాటు పక్కన కూర్చుని చూశాను. కొత్తవారికి ఇది మంచి సాధనమే. అయితే మొదటి రోజే అందులో ఒక సెట్టింగ్ మార్చుకోవాలని గట్టిగా చెబుతాను.

అమెరికాకు చెందిన ఎనీస్ఫియర్ సంస్థ దీనిని మైక్రోసాఫ్ట్ వారి విఎస్ కోడ్ అనే ఎడిటర్ ఆధారంగా తయారు చేసింది. అందువల్ల కాలేజీ ల్యాబ్‌లో విఎస్ కోడ్ వాడినవారికి మెనూలు, ఫైళ్ల వరుస, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ అన్నీ తెలిసినవిగానే కనిపిస్తాయి. కర్సర్ డాట్ కామ్ నుంచి ఫైల్ దించుకుని, ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే సరిపోతుంది. ఉచిత ప్లాన్‌కు బ్యాంకు కార్డు వివరాలు ఇవ్వనక్కరలేదు. నెలకు 20 డాలర్ల ప్రో ప్లాన్ విద్యార్థికి మొదట్లో అవసరం రాదు.

మాకు ఇబ్బంది ఎదురైంది ఎడిటర్‌తో కాదు, పైథాన్‌తో. ఎడిటర్‌తోపాటు పైథాన్ రాదు, దానిని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఆ ఇన్‌స్టాలర్ మొదటి కిటికీ అడుగున, పైథాన్‌ను పాత్‌కు, అంటే ప్రోగ్రాంల కోసం విండోస్ వెతికే చోట్ల జాబితాకు, చేర్చమనే చిన్న గడి ఉంటుంది. తొందరలో మేము దానికి టిక్ పెట్టలేదు. టెర్మినల్‌లో పైథాన్ అని కొట్టగానే పైథాన్ కనబడలేదన్న సందేశం రావడంతో అమ్మాయి ల్యాప్‌టాప్ పాడైందని భయపడింది. ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, మాడిఫై ఎంచుకుని, పాత్‌కు చేర్చే గడికి టిక్ పెట్టాక అంతా సరిపోయింది.

ఇక నేను చెప్పిన సెట్టింగ్ ట్యాబ్ సూచనలది. మనం ఒక పదం మొదలుపెట్టగానే మిగతా వరుస బూడిద రంగులో ప్రత్యక్షమవుతుంది, ట్యాబ్ మీట నొక్కితే అది మన కోడ్ అయిపోతుంది. పనిలో ఉన్నవారికి ఇది వరమే గాని, ఒకే పనిని పదేపదే చేయించే ఫర్ లూప్ ఇంకా చేతికి అలవాటు కాని పిల్లలకు ఆలోచించే అవకాశమే మిగలదు. కిటికీ అడుగున ఉన్న పట్టీలో దీనిని ఆపివేయవచ్చు. దాని బదులు ఎడిటర్‌లోనే ప్రశ్నలు అడిగే చాట్‌లో ఆస్క్ పద్ధతిని ఎంచుకోవాలి. అందులో అది మన ఫైళ్లను మార్చదు, అడిగినదానికి జవాబు మాత్రమే ఇస్తుంది. ఫలానా వరుస ఎందుకు తప్పో తెలుగులో చెప్పమంటే తెలుగులోనే వివరిస్తుంది, ఇంగ్లీషు ఎర్రర్ సందేశాలకు బెదిరిపోయే మన పిల్లలకు ఇది ఎంత ధైర్యమో నేను కళ్లారా చూశాను.

ఒక సాయంత్రం వాళ్ల నాన్న అమ్మిన 30 బస్తాల ధాన్యానికి, 2025-26 సాధారణ రకం మద్దతు ధర అయిన క్వింటాలుకు 2,369 రూపాయల చొప్పున లెక్క కట్టే ప్రోగ్రాం కావాలని చాట్‌లో అడిగింది. బస్తా ఎన్ని కిలోలో ప్రశ్నలో రాయలేదు. జవాబులో బస్తాకు 50 కిలోలని ఉంది, మొత్తం 35,535 రూపాయలు వచ్చింది. "పెదనాన్నా, మన బస్తా 80 కిలోలు కదా!" అంటూ ఆమే ఆ అంకె ఎక్కడుందో వెతికి దిద్దింది. మళ్లీ నడిపితే 56,856 వచ్చింది. మా తమ్ముడు తన లెక్కల పుస్తకం తెచ్చి, అంకె అంకె సరిచూసి, సరిపోయిందన్నాడు.