మా అవ్వ బైబిలుకు కొత్త కుట్టు: ఒంగోలులో ఒక బైండింగు పని

ఒంగోలు ట్రంకు రోడ్డు వెనక సందులో బోర్డు కూడా లేని చిన్న బైండింగు గది ఒకటి ఉంది. లాయర్ల పుస్తకాలు, బడుల రిజిస్టర్లు, పాత దస్తావేజుల కట్టలు అక్కడికి ఎక్కువగా వస్తుంటాయి. మా అవ్వ ప్రభువునందు నిద్రించి ఏడాది నిండుతుండగా, జ్ఞాపకార్థ కూడికలోపు ఆమె బైబిలును బాగుచేయించాలనుకొని నేను దానిని అక్కడికే తీసుకెళ్లాను. ఇలాంటి గ్రంథాలు మన ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఎన్నో ఉన్నాయి. ఎవరి చేతిలో పెట్టాలో తెలియక అలాగే వదిలేస్తున్నాము. అందుకే ఈ పని ఎలా జరిగిందో, ఎంతయిందో, ఎక్కడ లోటు కనిపించిందో ఉన్నదున్నట్లు రాస్తున్నాను.

ముందుగా ఆ గ్రంథం సంగతి చెప్పాలి. మొదటి పేజీలో అవ్వ పేరు, దాని కింద మా ఊరి పేరు, ఆ కింద 'ఒంగోలు జిల్లా' అని ఉంటుంది. 1970లో ఏర్పడిన మన జిల్లాకు ప్రకాశం అనే పేరు 1972లో వచ్చింది. అవ్వ ఆ బైబిలును ఆ రెండింటి నడుమ, 1971లో, పొగాకు గ్రేడింగులో కూలి చేసి దాచిన డబ్బుతో కొన్నది. తరువాత తన బిడ్డలు పుట్టాక గ్రేడింగు మానుకొని, పాలెంలో మిగతా ఆడవాళ్లు తెల్లవారుజామునే టంగుటూరు కంపెనీలకు లారీ ఎక్కుతుంటే, వాళ్ల పిల్లలను కూడా తన పిల్లలతో పాటు వేపచెట్టు కింద కూర్చోబెట్టుకొని సాయంత్రం దాకా చూసుకొనేది. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. వండే ప్రతి పూటా గుడికి గుప్పెడు బియ్యం వేరే కుండలో తీసిపెట్టినట్లే, ఆ పిల్లల కోసం ఇంకో గుప్పెడు ఎసట్లో ఎక్కువ పోసేదని మా నాన్న చెబుతారు.

ఆ పిల్లలందరూ అవ్వ బైబిలు అంచుల్లో ఉన్నారు. అచ్చు అక్షరాలకు పక్కన ఉన్న వేలెడు ఖాళీలో, సన్నని పెన్సిలుతో, ఏ రోజు ఏ బిడ్డ కోసం ప్రార్థన చేసిందో రాసుకొనేది. 'రెండో ఇంటి చిన్నదానికి దగ్గు, పన్నెండు రోజులు.' 'పెద్దోడు పదో తరగతి పరీక్ష.' 'జ్వరం తగ్గింది, స్తోత్రం.' 121వ కీర్తన ఉన్న పేజీలోనైతే నాలుగు వైపులా ఖాళీ లేదు. దాని కింది మూల, ఆముదం చేతితో తిప్పీ తిప్పీ, వెలుతురుకు పెడితే అవతలి అక్షరాలు కనిపించేంత పలచబడింది. కాబట్టి నా దృష్టిలో ఆ పుస్తకానికి అచ్చు ఎంతో అంచు కూడా అంతే.

ఈ జాగ్రత్త నాకు ఒక నష్టం వల్ల వచ్చింది. అవ్వ బతికుండగానే ఆమె పాటల పుస్తకాన్ని వేరొక అంగడిలో బైండింగుకు ఇచ్చాను. వాళ్లు పాత కుట్టును కోసి పారేసి, జిగురు పూసి అతికించి, మూడు వైపులా కటింగు మిషనులో పెట్టి అంచులు నున్నగా తెగ్గోశారు. చూపుకు కొత్త పుస్తకంలా ఉంది. తెరిచి చూస్తే అవ్వ చేత్తో రాసుకొన్న పల్లవుల్లో ప్రతి వరుసకూ చివరి మాట లేదు. అవ్వ దానిని తిప్పి చూసి 'పోనీలే బిడ్డా, నాకు నోటికి వచ్చుగా' అన్నది. ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది.

ఈ గదిలోని పెద్దాయన మాత్రం బైబిలు అందుకొనే ముందు చేతులకు ఉన్న బంక కడుక్కొని, తుడుచుకొని, దానిని కొత్త కాగితం పరిచిన పీట మీద పెట్టి, ధర మాట ఎత్తకుండా పావుగంట పేజీలు తిప్పారు. ఆ తరువాత అడిగిన మొదటి మాట, 'అమ్మా, కోత పెడితే ఈ పెన్సిలు రాతంతా పోతుంది గదా, అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా పర్వాలేదా?' అని. నేను చెప్పవలసిన మాట ఆయనే అడిగారు. ఈ సమీక్షలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

పని జరిగిన తీరు నేను రెండు సార్లు వెళ్లి కూర్చొని చూశాను. కుళ్లిపోయిన దారాలను తీసి ఫారాలను, అంటే కలిపి మడిచిన పేజీల కట్టలను, విడదీశారు, ఎండిన పాత బంకను బ్లేడుతో గీకారు, మడత దగ్గర చిరిగిన చోటల్లా పలుచటి టిష్యూ కాగితం అతికించి ఆరనిచ్చారు. తరువాత ఫారాలను వరుసగా పేర్చి, వెన్ను మీద నాలుగు నాడాలు వేసి, మైనం పట్టించిన దారంతో ఒక్కొక్క ఫారాన్ని చేత్తో కుట్టారు. మైదాపిండి బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపారు. ఇలా కుట్టిన పుస్తకంలో పేజీలు ఊడవు. ఎప్పుడైనా విప్పవలసి వచ్చినా కాగితానికి దెబ్బ తగలకుండా విప్పవచ్చు. జిగురు బైండింగులో ఆ వీలు లేదు.

అసలు కష్టం పాత అట్ట దగ్గర వచ్చింది. వెనక అట్ట లోపలి వైపు అతికించి ఉన్న కాగితం మీద అవ్వ సిరా కలంతో మా వంశం సంగతి రాసింది. మొదటి వరుస: 'మా ముత్తాతకు బాప్తిస్మం, గుండ్లకమ్మ, 1878 జూలై 3.' మన వైపు క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవారికి ఆ తేదీ గురించి చెప్పనక్కరలేదు. 1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకం పని తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి చూపించడం, ఆ కరువు చివర వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం అవ్వ మాకు రాత్రిపూట కథగా చెప్పేది. మామూలుగా ఇలాంటి కాగితాన్ని తడిపి ఊడదీస్తారు. తడిపితే సిరా కరిగి పారిపోతుందని ఆయన ఆ పద్ధతి మానుకొని, కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, వెనక నుంచి అట్టనే పొర తరువాత పొరగా, ఉల్లిపొర తీసినట్లు, పొడిగానే ఊడదీశారు. ఒక్క కాగితానికి ఒక పూట పట్టింది. చివరి పొర పోయాక మిగిలిన కాగితానికి మల్లు గుడ్డ ఆసరా వేసి కొత్త అట్టకు లోపలి వైపు తిరిగి అతికించారు. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

లోపాలూ చెప్పాలి. వారం రోజుల్లో ఇస్తానన్న పుస్తకం పద్దెనిమిది రోజులకు వచ్చింది. కూడికకు రెండు రోజుల ముందు చేతికి అందేదాకా నాకు నిద్ర లేదు. రెక్సిన్‌లో నలుపు, మెరూన్ తప్ప వేరే రంగులు లేవు. వెన్ను మీద బంగారు అక్షరాలు కొంచెం పక్కకు ఒరిగాయి. కొత్త కుట్టు బిగువుగా ఉండడం వల్ల మొదటి వారం ఆదికాండము దగ్గరా ప్రకటన గ్రంథము దగ్గరా పుస్తకం చదునుగా పరుచుకోలేదు, ఇప్పుడు సర్దుకొంది. రసీదు ఇవ్వరు, ఇచ్చేటప్పుడు ప్రతి పేజీకీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది. మొత్తం 1,100 రూపాయలు తీసుకొన్నారు. నోట్సుల బైండింగు ధరలతో పోల్చేవారికి ఎక్కువగా కనిపించవచ్చు గాని, ఆ వెనక కాగితం ఒక్కదానికే అంత ఇవ్వవచ్చని నాకు అనిపించింది.

కూడికలో అయ్యగారు వాక్యం చదవడానికి ఆ బైబిలునే అడిగి తీసుకొన్నారు. అయిన తరువాత, ఒకప్పుడు వేపచెట్టు కింద పెరిగి ఇప్పుడు నెల్లూరులో ఉద్యోగం చేస్తున్న ఒకాయన దానిని ఒళ్లో పెట్టుకొని, కళ్లజోడు సర్దుకొంటూ 121వ కీర్తన పేజీ అంచుల్లో చాలాసేపు వెతికారు. 'దగ్గు, పన్నెండు రోజులు' అన్న చోట ఆయన వేలు ఆగింది. పక్కనే కూర్చొన్న వాళ్ల చెల్లెలిని పిలిచి, 'ఇది నువ్వే' అన్నారు. ఆమె ఏమీ మాట్లాడలేదు, పైట చెంగుతో ముఖం కప్పుకొంది.

వెళ్లేవారు పొద్దున పది తరువాత వెళ్లండి. మధ్యాహ్నం గది మూసి ఉంటుంది. పుస్తకాన్ని ఎవరి చేతనో పంపకుండా స్వయంగా తీసుకెళ్లి, ఏ రాత మీకు ముఖ్యమో పేజీ తీసి చూపించండి. ఆయన వింటారు. నేను పోయిన వారం ఆ పాత పాటల పుస్తకాన్ని కూడా పట్టుకెళ్లాను. తెగిపోయిన అంచు తాను తేలేనని, ఉన్న రాత ఇక ఊడకుండా మాత్రం కుట్టగలనని ఆయన ముందే చెప్పారు. ప్రతి పల్లవి చివరా పోయిన మాటను మా మేనత్త జ్ఞాపకం నుంచి చెబుతుంటే నేను వేరే కాగితం మీద రాసి ఇచ్చాను. దానిని కూడా చివరి ఫారంతో కలిపి కుడతారట. శనివారం తెచ్చుకోవాలి.