బీచ్ రోడ్డులో "వెలిగే రాళ్లు" కొంటున్నారా? జాగ్రత్త!

వైజాగ్ బీచ్ రోడ్డు దగ్గర ఎగ్జిబిషన్‌లో ఒక స్టాల్ వాళ్లు నాకు రంగు పూసిన రాయి అంటగట్టారు. 3,500 రూపాయలు. అమెరికాలోని ఫ్రాంక్లిన్ గనుల్లో దొరికే విల్లెమైట్ అనే ఖనిజం అన్నారు. నల్లగుడ్డ కప్పిన అట్టపెట్టెలో పెట్టి ఊదారంగు యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే ఆకుపచ్చగా భగ్గుమంది.

ఇంటికొచ్చి నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో ఓ మూల తుడిచాను. టార్చి వేస్తే ఇప్పుడు దూది వెలుగుతోంది, తుడిచిన చోట రాయి వెలగడం లేదు! పగుళ్లలో మాత్రం పచ్చరంగు గడ్డకట్టి ఉంది. చిన్న పెచ్చు ఊడగొడితే లోపల ఉత్త తెల్లరాయి. వెనక్కి తీసుకెళ్తే, "మీరే పాడుచేశారు మేడమ్" అన్నారు. బిల్లూ ఇవ్వలేదు.

న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ నుంచి వచ్చే అసలు రాయి సాధారణంగా ఇలా ఒకే రంగులో వెలగదు. విల్లెమైట్ ఆకుపచ్చగా, దాన్ని అంటుకునే ఉన్న కాల్సైట్ నారింజ కలిసిన ఎరుపులో వెలుగుతాయి. రెండిటికీ ఆ వెలుగు వచ్చేది వాటిలో కొద్దిగా ఉండే మాంగనీసు వల్లే. మధ్యలో నల్లటి ఫ్రాంక్లినైట్ గింజలుంటే అవి అసలు వెలగవు. పైగా ఆ రెండు రంగులూ బాగా కనిపించాలంటే 254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ (పొట్టి తరంగాల) యూవీ దీపం కావాలి. చవక టార్చీలు ఎక్కువగా 395 నానోమీటర్లవి. హైలైటర్ ఇంకు లాంటివి వాటికి ఇట్టే వెలుగుతాయి. కాబట్టి ఫ్రాంక్లిన్ రాయి అని చెప్పి ఆ టార్చితోనే చూపిస్తే అనుమానించండి. (షార్ట్‌వేవ్ దీపం కొంటే యూవీ కళ్లజోడు తప్పనిసరి, కళ్లు దెబ్బతింటాయి. పిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు.)

నాకు ఎక్కువ బాధ కలిగించింది మాత్రం పక్క టేబుల్ మీది కెంపులు. "ఎర్రగా వెలుగుతోంది, అంటే ఒరిజినల్" అని చెప్పి అమ్ముతున్నారు. కెంపు వెలిగేది అందులోని క్రోమియం వల్ల. ల్యాబ్‌లో తయారుచేసిన కెంపులోనూ క్రోమియమే ఉంటుంది, చాలాసార్లు అదే ఇంకా బాగా వెలుగుతుంది. మన తూర్పు కనుమల్లో కెంపులు, వైడూర్యాలు దొరికే మాట నిజమే కాబట్టి జనం తేలిగ్గా నమ్మేస్తున్నారు. పెళ్లికని కొనేవాళ్లూ కనిపించారు అక్కడ. దయచేసి రత్నాలు పరీక్షించే ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ లేకుండా డబ్బులు కట్టకండి.

ఏ రాయి కొన్నా దాని పేరు, "రంగు వేయనిది" అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే వచ్చేయండి. ఇప్పటికే మోసపోయినవాళ్లు రాయిని కడగకుండా, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచిపెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు పెట్టాను.