సుంకి ఘాటీ ఎక్కే పాత బళ్లకి 92–87 ఫ్యాన్ స్విచ్

సాలూరు దాటి కోరాపుట్ వైపు సుంకి ఘాటీ ఎక్కే పాత అంబాసిడర్లకీ జీపులకీ బెల్టు ఫ్యాను తీసి కరెంటు ఫ్యాను పెట్టుకునేవాళ్లు కొనదగ్గ స్విచ్ ఇది. రెండు పిన్నులు, ఇత్తడి బాడీ, 22 మిల్లీమీటర్ల మర. తల మీద 92–87 అని ఉంటుంది. నీళ్లు 92 డిగ్రీలకి చేరితే ఫ్యాను తిరుగుతుంది, 87కి దిగితే ఆగుతుంది.

ఆ రెండంకెలు చూసే కొనాలి. ఇంజను నీళ్లని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ మామూలుగా 82 దగ్గర తెరుచుకుంటుంది. ఇంజను చల్లగా ఉంటుందని ఇంకా తక్కువ డిగ్రీల స్విచ్ అడిగేవాళ్లున్నారు. ఆగే అంకె 82 కన్నా కింద ఉన్న స్విచ్‌ని రేడియేటర్ పై గొట్టంలో బిగిస్తే ఫ్యాను ఇక ఆగదు, బ్యాటరీకి అదొక బరువు.

బిగించే చోటు రేడియేటర్ పై గొట్టమే మేలు. కింది ట్యాంకుకి వచ్చేసరికి నీళ్లు చల్లారి ఉంటాయి, ఫస్టు సెకండు గేర్లలో ఎక్కే బండికి 92 అక్కడ ఆలస్యమవుతుంది. గొట్టం కోసి మధ్యలో అల్యూమినియం అడాప్టర్ (స్విచ్ బిగించే మర ఉన్న గొట్టం ముక్క) పెట్టాలి. దాని సైజు గొట్టం లోపలి కొలత తీసుకుని కొనండి. స్విచ్ కింద రాగి వాషర్ చాలు. అల్యూమినియం మర మెత్తన, బలంగా తిప్పితే ఊడిపోతుంది. ఒంటి పిన్ను స్విచ్ అయితే ఇక్కడే దెబ్బ తింటారు: రబ్బరు మధ్య ఉన్న అడాప్టర్‌కి ఎర్త్ (బండి బాడీతో కలయిక) అందదు, దానికి విడిగా ఎర్త్ వైరు లాగాలి. రెండు పిన్నులదానికి ఆ బాధ లేదు.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) అక్కర్లేదని కొందరు మెకానిక్కులు స్విచ్ గుండానే ఫ్యాను నడిపిస్తారు. అది ఒప్పుకోకండి. మోటారు కదిలే క్షణంలో లాగే కరెంటు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ దెబ్బకి లోపలి పాయింట్లు మాడతాయి, లేదా అతుక్కుపోతాయి. 15 ఆంపియర్ల ఫ్యానుకి 40 ఆంపియర్ల రిలే, బ్యాటరీ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి. రిలే పిన్నుల మీద అంకెలుంటాయి: ఫ్యూజు నుంచి వచ్చే వైరు 30 పిన్నుకి, ఫ్యాను ప్లస్ 87కి, ఇగ్నిషన్ లైను 86కి. 85 నుంచి సన్న వైరు స్విచ్‌కి, స్విచ్ రెండో పిన్ను ఎర్త్‌కి. 85 నుంచే ఇంకో వైరు డ్యాష్‌బోర్డు కింద చిన్న స్విచ్‌కి లాగి ఎర్త్ చేస్తే, అసలుది పోయినా ఘాటీ మధ్యలో ఫ్యాను చేత్తో వేసుకోవచ్చు.

నీళ్లు పోశాక గాలి పూర్తిగా తీయాలి. స్విచ్ మొన చుట్టూ గాలి ఉంటే నీళ్లు మరుగుతున్నా స్విచ్‌కి తెలియదు. ఉప్పునీళ్లు పోస్తే మొన మీద గార కట్టి ఫ్యాను ఆలస్యంగా వేస్తుంది, కూలెంటే పోయండి.

బిగించకముందే పరీక్ష చేయండి. మర వరకే నీళ్లలో ముంచి, గిన్నె అడుగు తగలకుండా వేలాడదీసి, పిన్నులకి టెస్టు లైటు కలిపి, థర్మామీటరు చూస్తూ వేడి చేయాలి. రెండు మూడు డిగ్రీల తేడా పరవాలేదు. కోరాపుట్ ఎత్తులో నీళ్లు సుమారు 97కే మరుగుతాయి. 100 డిగ్రీల స్విచ్‌ని అక్కడ గిన్నెలో పరీక్షించి పాడైందని పారేయకండి.

ఫ్యానుని కంప్యూటరే నడిపే కొత్త కార్లకి ఇది వద్దు. వాటికి సెన్సరు, వైరింగు చూపించుకోవాలి.