ఇంక్స్ లేక్: ఒడ్డున కూర్చుని చేపలు పట్టాలంటే పార్కుకే వెళ్ళండి

నాన్నకి డెబ్బై ఒకటి. కైకలూరు దగ్గర మా ఊళ్ళో పంటకాలవ గట్టు మీద గాలం వేస్తూ పెరిగిన మనిషి. ఆర్నెల్లు ఉండి వెళ్దామని టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి, సాయంత్రం వాకింగ్‌లో చెరువు కనబడితే చాలు, ఆగి నీళ్ళలోకి చూసేవారు. "ఇందులో చేపలున్నాయంటావా? పట్టనిస్తారా?" అని మూడుసార్లు అడిగారు. మూడోసారి అడిగిన రోజు రాత్రే ఏప్రిల్‌లో ఒక వీకెండ్ చూసి, లేక్ పక్కన కేబిన్ బుక్ చేశాను. ఆయన పొద్దున లేచి, కాఫీ కప్పు పట్టుకుని నాలుగడుగులు వేస్తే నీళ్ళు ఉండాలి, అంతే నా కోరిక. కోరిక తీరింది కానీ ఆ కేబిన్ వల్ల కాదు. అమ్మానాన్నల్ని ఇలాంటి ట్రిప్‌కి తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు నాలాగా నష్టపోకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి నాలుగు గంటల్లో ఇంక్స్ లేక్ దగ్గరి ఊరు బర్నెట్ చేరాం. దారి పొడవునా బ్లూబానెట్ పూలు. అమ్మ రెండుచోట్ల కారు ఆపించి ఫోటోలు తీయించుకుంది.

ఇక కేబిన్. ఇళ్ళు అద్దెకిచ్చే యాప్‌లో రాత్రికి 149 డాలర్లని కనబడింది. రెండు రాత్రులకు 298. దాని మీద క్లీనింగ్ ఫీజు 135, సర్వీస్ ఫీజు 62, ఆపైన పన్నులు. మొత్తం 551 డాలర్లు కట్టాను. ఫోటోల్లో మొదటిదే నీళ్ళలోకి కట్టిన చెక్క వేదిక, అదే డాక్, దాని చివర రెండు కుర్చీలు, ఒక ఫిషింగ్ రాడ్. ఆ ఫోటో చూసే తీసుకున్నాను.

వెళ్ళి చూస్తే "లేక్ వ్యూ" అన్నది పక్కవాళ్ళ రెండు ఇంటికప్పుల మధ్య నుంచి కనబడే జానెడు నీలం రంగు. అసలు పడకలన్నీ పైన అటక మీద. నిచ్చెనంత నిటారుగా ఉన్న మెట్లెక్కాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులని ఓనర్‌కి ముందే మెసేజ్ పెట్టి, కింద పడక ఉందా అని అడిగితే "ఉంది" అన్నాడు. ఆ పడక ఒక సోఫా. మధ్యలో ఇనప కమ్మీ నడుముకి తగులుతుంది. అమ్మ రెండు రాత్రులూ దాని మీదే పడుకుంది. "బానే ఉందిలే" అంది కానీ పొద్దున లేచేటప్పుడు చెయ్యి ఊతం ఇవ్వాల్సి వచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది: లోపల చేప వండితే 150 డాలర్ల జరిమానా. చేపలు పట్టే ఫోటో పెట్టి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు రాయాల్సిన మాటేనా అది? దాని కిందే, వెళ్ళేముందు దుప్పట్లు తీసి వాషింగ్ మెషీన్‌లో వేయాలి, చెత్త బయట పెట్టాలి, గిన్నెలు కడగాలి అని ఇంకో జాబితా. మరి 135 డాలర్లు దేనికి తీసుకున్నట్టు?

అయినా డాక్ ఉందిగా అని సర్దుకున్నాను. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఫిషింగ్ లైసెన్సులు కొన్నాను. ఒకరోజు లైసెన్స్ టెక్సస్‌లో ఉండేవాళ్ళకి 11 డాలర్లు, బయటివాళ్ళకి 16. విజిటర్‌గా వచ్చిన నాన్న బయటివాళ్ళ కిందే లెక్క. ఇద్దరికీ 27. మా పాపకి తొమ్మిదేళ్ళు, పదిహేడు లోపు పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు.

శనివారం ఆరున్నరకి నాన్న మంకీక్యాప్ పెట్టుకుని, లుంగీ మీద నా జాకెట్ వేసుకుని డాక్ వైపు నడిచారు. పది నిమిషాల్లో వెనక్కి వచ్చారు. గేటుకి తాళం, పక్కన "రెసిడెంట్స్ ఓన్లీ" అని బోర్డు. ఓనర్‌కి మెసేజ్ పెడితే తొమ్మిదింటికి జవాబొచ్చింది: డాక్ కాలనీ అసోసియేషన్‌దట, గెస్టులకి లేదట, లిస్టింగ్‌లో "లేక్ దగ్గర్లో" అని మాత్రమే రాశాడట. యాప్ కస్టమర్ కేర్‌తో నలభై నిమిషాలు మాట్లాడితే, ఇంకోసారి బుక్ చేసినప్పుడు వాడుకోమని 40 డాలర్ల కూపన్ ఇచ్చారు. నా భార్య చాలా ఓర్పున్న మనిషి. ఆ రోజు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, "మామయ్యగారు గంట నుంచి మెట్ల మీద కూర్చున్నారు, ముందు ఆయన్ని తీసుకుని ఎటైనా పదండి" అంది. ఆ మాటే మా ట్రిప్‌ని కాపాడింది.

బర్నెట్‌లో ఒక గ్యాస్ స్టేషన్‌లో ఎర్రల డబ్బా కొన్నాం. డజను ఎర్రలు 5 డాలర్ల 29 సెంట్లు. నాన్న మూత తీసి, మట్టి వేలితో కదిపి, "మన ఎర్రలకి రెండింతలున్నాయిరా" అన్నారు. ఆ రోజు ఆయన నోట వచ్చిన మొదటి హుషారు మాట అది. కౌంటర్ దగ్గరున్నావిడ ఎక్కడ పడతారని అడిగింది. లైసెన్స్ ఉందని చెప్పబోతుంటే, "స్టేట్ పార్కుకి వెళ్తే అది కూడా అక్కర్లేదు కదా" అంది.

నిజమే. టెక్సస్ స్టేట్ పార్కులో ఒడ్డు మీద నుంచి గానీ, నీళ్ళలోకి కట్టిన పార్కు ఫిషింగ్ పియర్ మీద నుంచి గానీ గాలం వేస్తే లైసెన్స్ అవసరం లేదు. పట్టే చేపల సైజు, సంఖ్య రూల్స్ మాత్రం అక్కడా ఉంటాయి. ఇన్నేళ్ళు డాలస్ చుట్టుపక్కల ఉండి కూడా నాకు ఈ సంగతి తెలియదు. తెలిసుంటే 27 డాలర్లు మిగిలేవి. ఆ కేబిన్ జోలికే వెళ్ళేవాణ్ణి కాదు.

ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో పెద్దవాళ్ళకి మనిషికి 7 డాలర్లు, పన్నెండేళ్ళు, ఆ లోపు పిల్లలకి ఉచితం. మా నలుగురికీ 28. సీజన్‌లో శనాదివారాలు పార్కు నిండిపోతే గేటు దగ్గర వెనక్కి పంపేస్తారు, కాబట్టి డే పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మాకు ఆ పొద్దున దొరకడం కేవలం అదృష్టం. ఆఫీసులో అడిగితే రాడ్లు, రీళ్ళు, గాలాలు, సీసం గుళ్ళు, బెండ్లు ఉన్న పెట్టె ఊరికే అరువిచ్చారు. ఫారం నింపి ఐడీ చూపిస్తే చాలు, ఏడు రోజుల దాకా ఉంచుకోవచ్చు. అక్కడమ్మాయి పాపకి తనే వంగి, చెయ్యి వెనక్కి ఎలా తీసుకోవాలో చూపించింది. పైసా తీసుకోకుండా ఇంత మర్యాద. 551 తీసుకున్నవాడు ఫోన్ కూడా ఎత్తలేదు.

ఈ లేక్ గురించి ఒక మాట. టెక్సస్ కొలరాడో నది మీద వరసగా కట్టిన డ్యాముల్లో 1938 నాటి ఇంక్స్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు ఇవి. పైనున్న బుకానన్ లేక్ కరువొస్తే బాగా తగ్గిపోతుంది, ఇక్కడ మాత్రం నీటిమట్టం దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. అందుకని ఒడ్డు దాకా నాచు, రెల్లు ఉంటాయి. చిన్న చేపలన్నీ వాటి నీడలోనే. గులాబీ రంగు రాతి బండలు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. తడి బండ మీద కాలు పెట్టొద్దు, జర్రున జారుతుంది. డెవిల్స్ వాటర్‌హోల్ అనే చోట బండల మీద నుంచి దూకేవాళ్ళ గోల ఎక్కువ. చూడ్డానికి బావుంటుంది కానీ గాలం వేయడానికి పనికిరాదు.

నాన్నకి మొదట రీలు నచ్చలేదు. బటన్ నొక్కి విసిరితే దారం చిక్కుపడింది, రెండోసారీ అంతే. మూడోసారి విసరడం మానేసి, రాడ్ చివర్నుంచి నిలువెత్తు దారం మాత్రం వదిలి, మన వెదురు కర్ర పట్టుకున్నట్టే పట్టుకున్నారు. ఎర్రని గాలానికి ఎక్కించడం నేను దగ్గరగా చూశాను. నేనైతే మధ్యలో గుచ్చి వదిలేస్తాను. ఆయన తల దగ్గర గుచ్చి, మేజోడు తొడిగినట్టు గాలం వంపు అంతా ఎర్రని ఎక్కించి, అంగుళం తోక మాత్రం వదిలారు. "ఆ తోక ఆడాలి, లేకపోతే చేప నమ్మదు." బెండుని గాలానికి రెండు అడుగుల పైన కట్టి, రెల్లు అంచున, ఒడ్డుకి ఆరడుగుల దూరంలో వదిలారు. అందరూ లేక్ మధ్యకి విసురుతుంటే ఈయన కాళ్ళ దగ్గర వేస్తారేంటని నాకు అనిపించింది.

నిమిషం కాలేదు. బెండు ఒకసారి వణికింది, రెండుసార్లు మునకేసింది, పక్కకి జరిగి మాయమైంది. నాన్న మణికట్టు మాత్రం కదిపారు. అరచేయంత సన్‌ఫిష్. పొట్ట నారింజ రంగు, బుగ్గ మీద నీలం గీతలు, చెవి దగ్గర నల్లమచ్చ. పాప వేసిన కేకకి పియర్ మీదున్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి అలాంటివి పద్నాలుగు. అన్నీ ముళ్ళే కాబట్టి అన్నీ వదిలేశాం.

పాపకి లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఒకటి పడింది. జాన మీద రెండు వేళ్ళు ఉంది. పద్నాలుగు అంగుళాలు లేనిదే ఉంచుకోకూడదు. పాప ఏడుపు మొహం పెట్టింది, నాన్నకీ మనసొప్పలేదు. "దొరికింది వదిలేస్తే మళ్ళీ దొరుకుతుందా?" అన్నారు. పక్కనున్న పెద్దాయన తన పటకారు ఇచ్చి, చేతులు తడి చేసుకుని పట్టుకోమని, పొడి చేయి తగిలితే పైన ఉన్న జిగురు పోయి చేపకి జబ్బు చేస్తుందని చెప్పాడు. నేను తెలుగులో చెబితే నాన్న తలూపి, రెండు చేతులూ లేక్‌లో ముంచి, తనే దాన్ని నీళ్ళలో పెట్టారు. "కొరమీను ఉంటుందా ఇక్కడ?" అని అప్పుడే అడిగారు. ఈ దేశంలోకి ప్రాణంతో ఉన్న కొరమీనుని తేవడం 2002 నుంచే నిషేధమని, నీళ్ళలో పడితే ఇక్కడి చేపల్ని తినేస్తుందని వీళ్ళ భయమని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "నిజమే, అది దేన్నీ ఉంచదు" అన్నారు చివరికి.

సాయంత్రం ఆరు దాటాక బెండు తీసేసి, సీసం వేసి, ఎర అడుగుకి దించాం. ఏడున్నరకి రాడ్ వంగింది. ఈసారి నాన్న రీలు తిప్పారు, నేర్పకుండానే. పందొమ్మిది అంగుళాల ఛానల్ క్యాట్‌ఫిష్. మన జెల్లలాగే రెక్క మొదట్లో ముల్లుంటుంది, గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుంది. నేను చెయ్యి పెట్టబోతే నాన్న నా చేతిని పక్కకి నెట్టి, రెక్కల వెనక నుంచి వేళ్ళ మధ్య బిగించి పట్టుకున్నారు. పొద్దున్నుంచి కుర్చీలోనే ఉన్న అమ్మ లేచొచ్చి, "దీన్ని వదలకండి, ఇంటికెళ్ళాక పులుసు పెడతాను" అంది. సైజుకి ఇబ్బంది లేదు కాబట్టి ఐస్‌బాక్స్‌లో పెట్టుకున్నాం.

ఆదివారం కూడా కేబిన్‌లో జాబితా పనులు ముగించి పార్కుకే వెళ్ళాం. మళ్ళీ 28, ఇంకో ఎర్రల డబ్బా. పార్కులో చిన్న కేబిన్లున్నాయి, చూసొచ్చాం. లోపల బాత్రూమ్ ఉండదు, బయటికి నడవాలి. అమ్మ వయసు వాళ్ళకి రాత్రిపూట కష్టం. పిల్లలతో వెళ్ళేవాళ్ళకైతే నిశ్చింతగా చెబుతాను, ఐదు నెలల ముందు నుంచే బుకింగ్ మొదలవుతుంది కాబట్టి త్వరపడండి. పెద్దవాళ్ళుంటే బర్నెట్‌లో కింది అంతస్తు గది ఉన్న మామూలు హోటల్ చూసుకోండి. నీళ్ళ పక్కన ఇల్లు అనే మాటకి మాత్రం డబ్బు పెట్టకండి. పెట్టాల్సి వస్తే, ఒడ్డు ఎవరిది, గెస్టులు అక్కడ గాలం వేయొచ్చా అని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మూడింటికి బయల్దేరాలి. అరువు తెచ్చిన రాడ్లు ఆఫీసులో ఇచ్చేద్దామని నేను తీసుకోబోతే నాన్న ఆగమన్నారు. గాలాల మీద నాచు గోటితో గీకి, దారం తడి జేబురుమాలుతో తుడిచి, బెండ్లు రంగుల వారీగా పెట్టెలో సర్ది, మూత పెట్టి ఇచ్చారు. "రేపు ఇంకెవరో పిల్లాడు తీసుకుంటాడు కదరా" అన్నారు.