బి.ఆప్టమ్ నాలుగేళ్లా, విజన్ టెక్నీషియన్ ఏడాదా?

ఇంటర్ తర్వాత కంటి పరీక్షల రంగంలోకి రావాలంటే నాలుగేళ్ల బి.ఆప్టమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) ఉంది: మూడేళ్లు చదువు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఏడాదిలో ముగిసే విజన్ టెక్నీషియన్ శిక్షణా ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ రెండు రకాలవారినీ తయారుచేసింది.

చూడ్డానికి పని ఒకటే. చీకటి గదిలో రెటినోస్కోప్ అనే చేతి పరికరంతో వెలుగు గీతను కంటిపాప మీద అటూ ఇటూ కదుపుతారు. లోపలి ఎర్రటి మెరుపు గీతతోపాటే కదిలితే ప్లస్ అద్దం పెట్టాలి, ఎదురు కదిలితే మైనస్. కదలిక ఆగేదాకా అద్దాలు మార్చడమే. మాటలు రాని పసిపిల్లలకూ ఇలాగే పవర్ తేలుస్తారు. ఇది టెక్నీషియన్‌కూ వస్తుంది.

ఆ మెరుపు అలా ఎందుకు కదులుతుందో తెలియాలంటే మాత్రం ఆప్టిక్స్, అంటే కాంతి శాస్త్రం కావాలి. బి.ఆప్టమ్‌కు అదే వెన్నెముక. ఫిజిక్స్ అంటే పారిపోయేవారికి చుక్కలు కనిపిస్తాయి! ఆపైన కాంటాక్ట్ లెన్సులు, రెండు కళ్ల సమన్వయ లోపాలు, అద్దాలతో సరికాని మందదృష్టికి సాధనాలు. పీజీ అయిన ఎం.ఆప్టమ్‌కూ, పరిశోధనలకూ దారి ఇక్కడినుంచే.

టెక్నీషియన్ ఎక్కువగా సుమారు 50,000 జనాభాకు ఒకటిగా ఏర్పాటైన పల్లె విజన్ సెంటర్‌లో ఉంటారు. అద్దాలు రాయడం, శుక్లాలను గుర్తించి పెద్దాసుపత్రికి పంపడం వారి పని. త్వరగా జీతం కావాలంటే ఇదే నయం. ఇంట్లోవాళ్లు నాలుగేళ్లు ఆగగలిగితే నా ఓటు బి.ఆప్టమ్‌కే. కంటికి శస్త్రచికిత్స చేయాలన్న కోరిక ఉంటే మాత్రం రెండూ కావు, డాక్టర్ చదువుకు నీట్ రాయాల్సిందే.