వైజాగ్‌లో అమ్మానాన్నల ఇంటికి కెమెరాలు పెట్టించినవాళ్లు: ఓనర్ అకౌంట్ ఎవరిదో ఇప్పుడే చూసుకోండి

ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఎన్నారై ఇళ్లన్నిటికీ కెమెరాలు బిగించేది ఒకాయనే, ఆయన నంబరే చేతులు మారుతూ తిరుగుతుంటుంది. ఆయన గురించే. పేరు రాయను, తెలిసినవాళ్లకు ఈపాటికి తెలిసిపోయుంటుంది. 4 కెమెరాలు, వాటి వీడియో దాచుకునే రికార్డర్ పెట్టె (ఎన్‌వీఆర్), బిగింపు కలిపి 38,000. అడగ్గానే యూపీఐ కొట్టిన ఘనుణ్ని నేనే.

మొన్న యాప్ తెరిస్తే నాలుగు గళ్లూ నలుపు. షేరింగ్ ఆగిపోయిందని మెసేజ్. ఫోన్ చేస్తే మెయింటెనెన్స్ 6,000 కట్టలేదట, అందుకని ఆపాడట. సరే, వ్యాపారం అనుకుందాం. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, కంగారుగా ఉందన్నాను. దానికి ఆ మహానుభావుడి ఓదార్పు: "ఏటండి సార్ అంత కంగారు? అమ్మగారు బానే ఉన్నారు. నిన్న రాత్రి హాల్లో సోఫా మీదే పడుకున్నారు, దుప్పటి కూడా కప్పుకోలేదు. నేను చూశాను కదా."

చూశాడట! నాకు కనబడని మా ఇల్లు ఆయనకు కనబడుతోంది. అడ్మిన్ హక్కులు నాకు ఇచ్చెయ్యమంటే, "కంపెనీ పాలసీ ఒప్పుకోదు సార్. మీరు అక్కడ, కెమెరా ఇక్కడ. ఏం చేస్తారు చెప్పండి?" అని నవ్వాడు. ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. నా ఉద్యోగం నెట్‌వర్క్ సెక్యూరిటీ, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బిగించిన రోజు వీడియో కాల్‌లో ఆయన తన ఫోన్‌తో క్యూఆర్ స్కాన్ చేస్తుంటే చూస్తూ "సూపర్" అన్నది కూడా నేనే.

అసలు మోసం ఆ స్కాన్‌లోనే ఉంది. కంపెనీ సర్వర్ ద్వారా నడిచే క్లౌడ్ యాప్‌లు చాలావాటిలో పెట్టె మీది క్యూఆర్‌ని మొదట ఎవరి అకౌంట్‌తో కలిపితే వాళ్లే ఓనరు. మిగతా అందరూ ఓనరు దయతో చూసే అతిథులు. మీరు ఏమిటో తెలియాలంటే యాప్‌లో డివైస్ సెట్టింగ్స్ తెరవండి. కెమెరా పేరు దగ్గర "షేర్డ్" అని ఉన్నా, వేరేవాళ్లకు షేర్ చేసే బటన్ మీకు కనబడకపోయినా, మీరు అతిథే. పాస్‌వర్డ్ మార్చేశాం కదా అని ధీమా వద్దు. మీరు మార్చింది మీ యాప్ లాగిన్ పాస్‌వర్డ్, ఎన్‌వీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు, క్లౌడ్‌లో ఓనర్‌షిప్ వేరు. మూడూ మూడు తాళాలు.

రీసెట్ బటన్ నొక్కితే పోతుందనుకుంటారు. రీసెట్‌తో పోయేది పెట్టెలోని పాస్‌వర్డ్, సెట్టింగులు. క్లౌడ్‌లో పాత అకౌంట్‌తో ఉన్న ముడి చాలా బ్రాండ్లలో అలాగే ఉంటుంది. అది విప్పాల్సింది పాత ఓనరైనా కావాలి, బ్రాండ్ కస్టమర్ కేర్ అయినా కావాలి. కస్టమర్ కేర్‌కి సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో, మీ పేరున బిల్లు చూపించాలి. మన ఆయన ఇచ్చింది తెల్ల కాగితం మీద "సీసీ 4 నం." అని గీసిన బిల్లు, సీరియల్ నంబర్ల ఊసే లేదు. ఎందుకివ్వలేదో ఇప్పుడర్థమవుతోంది.

ముడి విప్పించాక కూడా పని ఉంది. ఎన్‌వీఆర్‌లో యూజర్ల జాబితా చూసి తెలియని పేర్లన్నీ తీసేయాలి, వేరే కంపెనీల యాప్‌లు, పరికరాలు కెమెరాకు కలిసే దారి ఆన్‌విఫ్, దాని యూజర్లు విడిగా ఉంటారు, వాళ్లనీ చూడాలి. యాప్‌లో కలపడానికి, వీడియో చూడ్డానికి అడిగే వెరిఫికేషన్ కోడ్ మార్చాలి. రౌటర్‌లో, పరికరాలు వాటంతటవే బయటికి దారి తెరుచుకునే యూపీఎన్‌పీ ఆపాలి, బయటి నెట్ నుంచి లోపలికి దారులిచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్‌లో 80, 554, 8000 లాంటి పోర్టులు తెరిచి ఉంటే మూసేయాలి. మా రౌటర్‌లో ఏకంగా డీఎంజెడ్, అంటే బయటి నెట్ నుంచి వచ్చేదాన్నంతా నేరుగా లోపలి పరికరానికి వదిలేసే సెట్టింగ్, ఆన్ చేసి పెట్టాడు. గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు.

మిగతా పనితనం ఎంతని చెప్పను. నెల రోజుల రికార్డింగ్ అన్నాడు, పెట్టింది 1 టీబీ డిస్క్. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున 24 గంటలూ రాస్తే రోజుకు 21.6 జీబీ, నాలుగింటికి 86 జీబీ పైన. అంటే 11 రోజులు. నెల కావాలంటే 3 టీబీ సరిపోయీ సరిపోకుండా ఉంటుంది, 4 టీబీ పెట్టించుకోండి. కేబుల్ రాగి అన్నాడు, గీకి చూస్తే లోపల అల్యూమినియం. దూరం ఎక్కువైతే వోల్టేజీ పడిపోయి రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే కెమెరా రీస్టార్ట్ అయ్యేది అందుకే. బయటి జాయింట్లకు జంక్షన్ బాక్సు లేదు, ఉత్త ఇన్సులేషన్ టేపు. లాసన్స్ బే, రుషికొండ వైపు ఉన్నవాళ్లకు ఉప్పుగాలి సంగతి చెప్పాలా? కనెక్టర్ పిన్నులు పచ్చబడిపోతాయి. నీళ్లూ దుమ్మూ చొరని ఐపీ66 బాక్సు, వాటర్‌ప్రూఫ్ క్యాపు, నీళ్లు కిందికి జారేలా కేబుల్‌కి ఓ వంపు అడిగి చేయించండి. ఎన్‌వీఆర్ ఇన్వర్టర్ మీద పెట్టి రౌటర్‌ని మామూలు ప్లగ్గులో వదిలేశాడు. కరెంటు పోతే రికార్డింగ్ నడుస్తుంది గానీ మనకు ఇక్కడ ఏమీ కనబడదు.

కొత్తగా పెట్టించుకునేవాళ్లకు రెండు ముక్కలు. సీల్ తీయకముందే స్టిక్కర్ ఫొటో పంపించమని చెప్పి, ఆ క్యూఆర్ మీ ఫోన్‌తో మీరే స్కాన్ చేయండి, ఆయనకు కావాలంటే మీరు షేర్ ఇవ్వండి, పనయ్యాక తీసేయండి. హాల్లో, పడగ్గదిలో కెమెరా వద్దు. గేటు, మెట్లు, పెరడు చాలు. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకి ఇండియా నంబరుకే ఓటీపీ వస్తుంది, అమ్మ ఫోన్‌తో పెట్టించాం. డబ్బు సంగతికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

బ్రాండ్ వాళ్లు జవాబిచ్చేదాకా ఎన్‌వీఆర్ ప్లగ్గు పీకించాను. అమ్మకు నమ్మకం చాల్లేదు, హాల్లో కెమెరా మీద పాత తువ్వాలు కూడా కప్పింది.